ఖాళీ గడులంటే గిట్టని ఆఫీసు

పోయిన వారం మా పాత మేనేజరుగారు ఫోన్ చేశారు. నా ఉద్యోగం పోయాక ఆయన గొంతు వినడం అదే మొదటిసారి. పాప ఎలా ఉందని అడిగారు. నేను జవాబు చెప్పేలోపే విషయానికి వచ్చేశారు. కంపెనీలో కొత్తగా అమ్మాయిలు చేరుతున్నారట, వాళ్ళకు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారట. అందులో "మన సిస్టమ్ ఒక బోటును కాపాడిన రోజు" గురించి నేనొక పేజీ రాయాలట.

"మీరు బాగా రాస్తారు కదమ్మా. కాస్త పాజిటివ్‌గా ఉండాల, అంతే," అన్నారు.

ఆ వెంటనే ఒక ఫారం పంపారు. గడులు, గడులపైన శీర్షికలు. అడుగున ఎర్రటి అక్షరాల్లో ఒక హెచ్చరిక: ఏ గడీ ఖాళీగా వదలరాదు.

అది చదివి ఎంత గట్టిగా నవ్వానంటే ఒళ్ళో పాప ఉలిక్కిపడి ఏడ్చింది. మనిషి మారలేదన్నమాట. ఆ బోటు రోజు జరిగింది ఆయన ఫారంలో పట్టదు కనుక, చేరబోయే అమ్మాయిలకు నేరుగా చెబుతున్నాను. పాప పడుకున్నాక రాస్తున్నాను. మధ్యమధ్యలో లేచి దాని ఊపిరి చూసి వస్తుంటాను. ఈ భయం నాకు పిల్ల పుట్టాక వచ్చింది కాదు. ఆఫీసులో కూడా నన్ను "భయాల మేడం" అనే పిలిచేవాళ్ళు.

మా కంపెనీ నెల్లూరు టౌనులో ఒక చీరల షాపు పైన ఉండేది. నేను కోవూరు నుంచి బస్సులో పెన్న దాటి వచ్చేదాన్ని. చేపల వేటకు వెళ్ళే బోట్లు ఎక్కడున్నాయో చూసి చెప్పడం మా పని. ప్రతి బోటుకూ చిన్న యంత్రం బిగించి ఉంటుంది. అది గంటకోసారి ఒక అంకెల వరుస పంపుతుంది. అందులో కామా ఉండదు, ఎడం ఉండదు. మొదటి అంకెలు బోటు నంబరు, తరువాతివి గంట, మిగిలినవి సముద్రంలో ఆ బోటున్న చోటు. అన్నీ ఒకదానికొకటి అతుక్కుని వస్తాయి. వాటిని సరైన చోట కోసి, బోటుకో వరుస, గంటకో గడి చొప్పున పట్టికగా పేర్చాలి.

ఆ పేర్చే ప్రోగ్రాం మీరు కాలేజీలో చదివిన భాషల్లో లేదు. అంకెలైనా అక్షరాలైనా విడివిడిగా కాక వరుసలుగా, పట్టికలుగా పట్టుకునే భాష అది. అందులో పేరంటే అక్షరాల వరుస, నంబరంటే అంకెల వరుస. మొత్తం వరుసను ఒక్క గుర్తుతో తిప్పొచ్చు, కోయొచ్చు, మడవొచ్చు. ఆ గుర్తులు మామూలు కీబోర్డు మీద కనిపించవు. గ్రీకు అక్షరాలు, బాణాలు, చుక్కలు. మొదటిరోజు స్క్రీను మీద చీమలు పాకుతున్నాయనుకున్నాను. పక్కవాళ్ళు నాలుగు పేజీలు రాసే పని ఇందులో ఒక్క వరుసలో అయిపోతుందని తెలిశాక మాత్రం దాన్ని వదలబుద్ధి కాలేదు.

నాకు అది నేర్పింది ఆ ప్రోగ్రాం రాసిన పెద్ద మేడం. నేను చేరిన ఏడాదే ఆవిడ రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు రెండు గుర్తుల గురించి చెప్పిన మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

మొదటిది ఆకారం ఇచ్చే గుర్తు. ఒక వరుసను ఇన్ని గడులుగా చెయ్యమంటే చేస్తుంది.

"ఇది మహా మొహమాటం మనిషమ్మాయ్," అన్నారు మేడం. "పది అడిగితే పది ఇస్తుంది. తన దగ్గర ఏడే ఉన్నాయని చచ్చినా చెప్పదు. మొదట్లోవి మూడు మళ్ళీ తెచ్చి నీ చేతిలో పెడుతుంది. నీకు పట్టిక నిండుగా కనిపిస్తుంది."

"తప్పని కూడా చెప్పదా మేడం?"

"చెప్పదు. దాని లెక్కలో అది తప్పు కాదు. నువ్వు అడిగినావు, అది ఇచ్చింది."

రెండోది పైకి చూసే బాణం. దాన్ని పది అడిగినా అది పది గడులే ఇస్తుంది. కానీ లేనిచోట ఖాళీ పెడుతుంది. అయితే ఒక మెలిక ఉంది. అక్షరాలైతే ఖాళీ పెడుతుంది, లెక్కకట్టే అంకెలైతే సున్నా పెడుతుంది. అందుకే మేడం బోటున్న చోటును అంకెలుగా మార్చకుండా అక్షరాలుగానే ఉంచి, బాణం వాడారు. "సున్నా కూడా సముద్రంలో ఒక చోటే కదా," అనేవారు. అప్పుడు అర్థం కాలేదు. త్వరలోనే అయింది.

మేడం పట్టికలో బోటు పలకని గంటల్లో తెల్ల గడి ఉండేది. బోటు ఒడ్డు దగ్గరుంటే పచ్చ, సముద్రంలో ఉంటే ఎరుపు, పలకకపోతే తెలుపు. తెల్ల గడి కనిపించిందంటే ఆ బోటు యజమానికి ఫోన్ చేసి కనుక్కోవాలి. అదే మా కొలువు, అదే మా విలువ.

మేనేజరుగారికి ఆ తెల్ల గడులంటే ఒళ్ళు మంట. బోటు యజమానుల సంఘం పెద్దలు వచ్చి గోడ మీది పెద్ద స్క్రీను చూసినప్పుడల్లా "ఇక్కడ ఖాళీ ఏంది సార్?" అని అడిగేవాళ్ళు. "అక్కడ యంత్రం పలకలేదండీ" అని చెప్పడం ఆయనకు నామోషీ. పళ్ళు రాలిన నోరులా ఉందట పట్టిక. డబ్బులు తీసుకుని ఖాళీలు చూపిస్తున్నామని నలుగురూ అనుకుంటారట.

"ఖాళీ కనపడకుండా చెయ్యండి. అంతే. ఎట్ట చేస్తారో నాకు తెలవదు," అని ఒకరోజు హుకుం.

ఖాళీ కనపడకుండా చెయ్యాలంటే బోట్లలో యంత్రాలు బాగుచేయించాలి, బ్యాటరీలు మార్పించాలి. ఆయన అదేమీ చెయ్యలేదు. మేడం స్థానంలో హైదరాబాదు నుంచి ఒక సీనియరును తెచ్చారు. ఆయన మెళ్ళో ఐడీ కార్డు బాత్రూముకు వెళ్ళినా తీసేవాడు కాదు. ఈ భాషను రెండు వారాంతాల్లో నేర్చేసుకున్నానని చేరిన రోజే ప్రకటించాడు. నేర్చుకోవడం నిజమే. చీమలను గుర్తుపట్టాడు, అవి ఎటు పోతున్నాయో పట్టించుకోలేదు.

ఆయన మొదటి సంస్కరణ, చోట్లను అక్షరాల నుంచి అంకెలుగా మార్చడం. "టెక్స్ట్‌లో పెట్టుకుంటారా ఎవరైనా? అంకెలు అంకెల్లా ఉండాలి," అన్నాడు. బాణం మాత్రం అలాగే ఉంచాడు. ఆ మర్నాడు సంఘం పెద్దలు టీ తాగుతూ స్క్రీను వైపు చూస్తుండగా, పలకని బోట్లన్నీ పట్టిక పక్కనుండే పటంలో ఆఫ్రికా పక్కకు పోయి గుంపుగా నిలబడ్డాయి. అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అంటే అక్కడే మరి.

సంఘంలో పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు సవరించుకుని దగ్గరికొచ్చి చూశారు. "మా బామ్మర్ది బోటు పొద్దన కృష్ణపట్నం కాడ ఉండింది సార్. మధ్యాన్నానికి ఆఫ్రికా పోయిందా? డీజిలు ఎవరు పోసినారు?"

అందరూ నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు. ఆ సాయంత్రం గదిలోంచి సీనియరును తిట్టే తిట్లు కింద చీరల షాపుదాకా వినిపించి ఉంటాయి. మర్నాటికి రెండో సంస్కరణ వచ్చేసింది. బాణం తీసేసి, ఆ చోట ఆకారం ఇచ్చే గుర్తు పెట్టాడు సీనియరు. ఒక్క గుర్తు మార్పు. పట్టిక మొత్తం నిండిపోయింది. ఒక్క తెల్ల గడి లేదు. మేనేజరుగారు స్క్రీను ముందు నిలబడి ఫొటో దిగారు.

నేను వెళ్ళి అడిగాను. "లేని గడులు ఎక్కడినుంచి వచ్చాయి?"

"ఫిల్ లాజిక్ పెట్టాను మేడం," అన్నాడు సీనియరు.

"మొదటి గడులనే మళ్ళీ తెచ్చి పెడుతుంది కదా అది?"

"ఒకటీ అరా గడి. దానికేం కొంప మునగదు. మీకు అన్నిటికీ భయమే."

మేనేజరుగారు నా వైపు కాక, నా పొట్ట వైపు చూసి మాట్లాడారు. "ఈ టైములో ఇంత టెన్షన్ పెట్టుకోకూడదమ్మా. మీకు లైట్ వర్క్ ఇస్తాం." ఆ మర్నాటి నుంచి నన్ను ప్రోగ్రాం పని తప్పించి ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. గ్రీకు అక్షరాలు చదవడం మూటలు మోయడం లాంటిదని, అరుస్తూ వచ్చే ఫోన్లు ఎత్తడం విశ్రాంతి అని ఆయనకు ఏ డాక్టరు చెప్పాడో నాకు తెలియదు. మా అత్తగారు మాత్రం సంతోషించింది. కూర్చుని చేసే పనే కదా, ప్రభువు దయ అంది. ఇంతకుముందు నేనేదో నిలబడి ప్రోగ్రాములు రాసినట్టు.

ఇక ఆ రోజు.

పొద్దుటి నుంచే గాలి తిరిగింది. వాయుగుండం బలపడుతోందని, వేటకు పోయినవాళ్ళంతా వెనక్కి రావాలని హెచ్చరిక వచ్చింది. ఏ బోట్లు ఇంకా నీళ్ళలో ఉన్నాయో సంఘానికీ మెరైన్ పోలీసులకూ మేమే చెప్పాలి. మేం చెప్పినదాన్ని బట్టి వాళ్ళు వెతకడానికి పోతారు. అంత బరువు పెట్టారు మా పట్టిక మీద.

మధ్యాహ్నం దాటాక గోడ మీది స్క్రీను పచ్చగా మారుతూ వచ్చింది. చివరి ఎర్ర గడి కూడా పచ్చబడగానే మేనేజరుగారు చప్పట్లు కొట్టారు. స్క్రీను ఫొటో తీసి సంఘం వాట్సాపు గ్రూపులో పెట్టారు: అన్ని బోట్లూ క్షేమంగా ఒడ్డు చేరాయి. మెరైన్ పోలీసులకూ అదే మాట ఫోన్‌లో చెప్పారు. ఆఫీసుకంతా మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

నేను బజ్జీ తుంచానో లేదో ఫోన్ మోగింది. ఆడమనిషి గొంతు, వెనక గాలి హోరు.

"అమ్మా, కృష్ణపట్నం పక్క పాలెం నుంచి మాట్లాడుతుండా. మా ఆయన బోటు వచ్చేసిందని గ్రూపులో పెట్టినారంట. యాడికొచ్చిందో చెప్తే పోయి చూసుకుంటా."

బోటు నంబరు అడిగి చూశాను. పచ్చ. "మీ పాలెం ఒడ్డుకే అక్కా. మాకట్టనే చూపిస్తుండాది."

"నేను ఒడ్డు మీదే నిలబడుండా తల్లీ. ఇసక ఉండాది, వలలుండాయి, కుక్కలుండాయి. బోటు లేదు."

ఫోను చేత్తో మూసి మేనేజరుగారికి చెప్పాను. మూయడం సరిగా కుదరలేదనుకుంటాను.

"వేరే రేవులో దిగుంటాడమ్మా," అన్నారాయన బజ్జీ నములుతూ. "వాళ్ళు దిగంగానే ఇంటికి పోతారా? తాగను పోయుంటాడు."

ఫోనులోంచి జవాబు వచ్చింది. "ఆ సారుకు చెప్పు. మా ఆయన తాగతాడు, నేను కాదన్ల్యా. బోటు తాగదు గదా? అదన్నా ఉండాల గదా ఈడ?"

ఆమెను లైన్లోనే ఉండమని, నా పక్కనున్న కంప్యూటరులో ఆ బోటు వరుస తెరిచాను. రంగులు కాదు, అసలు అంకెలు. మా పట్టిక తెల్లవారుజాము నుంచి మొదలవుతుంది. తొలి గడుల్లో బోటు ఒడ్డునే ఉంది, ఐసు, డీజిలు ఎక్కించుకుంటూ. తరువాత ఒక్కో గడికీ తూర్పుకు జరుగుతూ పోయింది. మధ్యాహ్నానికి చాలా దూరంలో ఉంది. ఆ తరువాతి గడిలో మళ్ళీ ఒడ్డున ఉంది. పోయేటప్పుడు సగం రోజు పట్టిన దూరం, వచ్చేటప్పుడు ఒక్క గంటలో.

"ఇది బోటా, విమానమా?" అన్నాను సీనియరుతో.

"జీపీయస్ ఎర్రర్ అయ్యుంటుంది. మీరు ఫోన్లు చూసుకోండి మేడం."

ఆ చివరి గడులనూ వరుసలో తొలి గడులనూ పక్కపక్కన పెట్టాను. చిట్టచివరి అంకెదాకా ఒకటే. కట్టేసిన బోటు కూడా నీళ్ళ మీద ఊగుతుంది. చివరి అంకెలు గంటగంటకూ కొంచెమైనా మారతాయి. రెండుసార్లు ఒకే చోట అచ్చంగా అలాగే నిలబడే బోటు సముద్రంలో లేదు. మా ప్రోగ్రాంలోనే ఉంది. యంత్రం మధ్యాహ్నం నుంచి పలకలేదు. పలకని ప్రతి గంటకూ మా మొహమాటం గుర్తు తెల్లవారుజాము గడిని తెచ్చి అతికించింది. తెల్లవారుజామున ప్రతి బోటూ ఒడ్డునే ఉంటుంది. అంటే సముద్రంలో నోరు మూతపడ్డ ప్రతి బోటునూ మా పట్టిక ఇంటికి చేరుస్తుంది. ఎంత పెద్ద ఆపదలో ఉంటే అంత పచ్చగా.

నా పాస్‌వర్డు ఇంకా తీసెయ్యలేదు. ప్రోగ్రాం తెరిచి ఆ గుర్తు చెరిపి, మేడం బాణం మళ్ళీ పెట్టాను. చోట్లను మళ్ళీ అక్షరాలుగా మార్చాను. గోడ మీది స్క్రీనులో అక్కడక్కడా తెల్ల గడులు తేలాయి.

మేనేజరుగారి చేతిలో బజ్జీ ఆగిపోయింది. "ఏందది? ఎవురు మార్చినారు?"

"సార్, ఇవి పలకని బోట్లు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కోవాలి."

"ఇప్పుడే గదమ్మా అందరూ వచ్చేసినారని ఫొటో పెట్టినా! ఇప్పుడు తెల్లగా చూపిస్తే నా మొహం యాడ పెట్టుకోవాల?"

"బోటు ఎక్కడుందో ముందు చూద్దాం సార్. మొహం సంగతి తరువాత."

ఈ మాట నేనే అన్నానా అని ఇప్పటికీ ఆశ్చర్యం. పెద్దగా మాట్లాడే దాన్ని కాదు నేను.

"పొద్దున దాకా ఆగుదాం," అన్నారాయన గొంతు తగ్గించి. "బ్యాటరీ అయిపోయుంటాది. తెల్లారేలోపు అదే వస్తాది. ముందు తీసేయండి ఆ ఖాళీలు."

సీనియరు మౌస్ పట్టుకోవడానికి నా పక్కకు వచ్చాడు. నేను కుర్చీ జరపలేదు. నిండు నెలల పొట్టతో కూర్చున్న ఆడమనిషిని పక్కకు నెట్టే ధైర్యం అతనికి లేకపోయింది. పొట్ట ఆఫీసులో నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

వాళ్ళు నాకు విశ్రాంతికని ఇచ్చిన ఫోను చేతిలోనే ఉంది. ముందు లైన్లో ఉన్న ఆమెతో మాట్లాడాను.

"అక్కా, మీ బోటు వచ్చిందని చెప్పడం తప్పు. అది యాడుండాదో మాకు తెలవదు. మధ్యాన్నం దాకా యాడుండిందో మాత్రం తెలుసు. ఆ అంకెలు చెప్తా, తెలిసినోళ్ళెవరైనా ఉంటే ఫోనియ్యి."

ఆమె ఏడవలేదు. "ఒరే అబ్బయ్యా, ఇట్ట రా," అని ఎవరినో కేకేసింది. ఆమె మరిది ఫోనందుకున్నాడు. చివరి నిజమైన గడిలోని అంకెలను ఒక్కొక్కటిగా చదివాను, అతను తిరిగి చదివాడు. తరువాత మెరైన్ పోలీసులకు చేసి, ఇందాక మా ఆఫీసు చెప్పింది నిజం కాదని, ఒక బోటు జాడ తెలియడం లేదని చెప్పి అవే అంకెలిచ్చాను. తరువాత మిగతా తెల్ల గడుల వాళ్ళకు వరుసగా చేశాను. వాళ్ళంతా ఒడ్డుకొచ్చి యంత్రం ఆపేసినవాళ్ళే. ఆ ఒక్క బోటు తప్ప.

మేనేజరుగారు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మిగిలిన బజ్జీలు చల్లారిపోయాయి.

ఆ సాయంత్రం బస్సులో వంతెన మీద గాలికి కిటికీ అద్దాలు దడదడలాడాయి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. "ఎవరి బోటుకో నువ్వెందుకు మాడతావు?" అన్నాడు మా ఆయన. ఎవరి బోటో ఆమె నాకు చెప్పింది కదా. ఇక ఎవరి బోటో ఎలా అవుతుంది?

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు ఆమె మరిది ఫోన్ చేశాడు. ఇంజను ఆగిపోయిందట, అలలు కొట్టి యంత్రమూ బ్యాటరీ కూడా తడిసిపోయాయట. నేను చెప్పిన చోటి నుంచి గాలివాటున కొట్టుకుపోయి ఉంటుందని లెక్కేసుకుని, పాలెంవాళ్ళు రెండు బోట్లలో పోయారు, పోలీసుల పడవ కూడా పోయింది. దొరికారు. బోటుకు తాడు కట్టి లాక్కొచ్చారు. లోపలున్న నలుగురూ బతికే ఉన్నారు.

ఇంతవరకూ జరిగింది. తరువాతిది పుస్తకంలో వేసుకోదగ్గ భాగం. సంఘం మీటింగులో మేనేజరుగారు మైకు పట్టుకుని, తప్పిన బోటును మన సిస్టమ్ ఎలా పసిగట్టిందో చెప్పారు. "ఖాళీలను కూడా చూపించే అధునాతన సిస్టమ్" అన్నారు. సీనియరుకు శాలువా కప్పారు. నేను మూడో వరుసలో కుర్చీలో కూర్చుని, లోపల బిడ్డ తంతుంటే పొట్ట నిమురుకుంటూ విన్నాను. ఆ వారమే నా కాన్పు సెలవు మొదలైంది. సెలవు అయ్యాక ఫోన్ చేస్తే, "చంటిబిడ్డతో మీకు కష్టం గదమ్మా, మేమే ఆలోచించి వేరే అమ్మాయిని పెట్టినాం," అన్నారు. నా గురించి నాకంటే ముందు ఆలోచించే సంస్థ అది.

పాప పుట్టిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం ఆమె కోవూరొచ్చింది, ఆ ఒడ్డు మీద నిలబడ్డామె. అంతకుముందు ఆమెను నేను చూడలేదు. గొంతు వినగానే గుర్తుపట్టాను. బాలింతకు పాలు పడతాయని పాలసొర చేప తెచ్చింది, బస్సులో పక్కవాళ్ళు వాసనకు తిట్టుకున్నా ఒళ్ళోనే పెట్టుకుని. దాన్ని ఎలా వండాలో మా అత్తగారికి చెప్పింది, నా పాపను ఎత్తుకుని చూసింది.

"మీ ఆయన బాగుండాడా అక్కా?" అన్నాను.

"బాగుండాడు. ముందుకంటే ఎక్కువ తాగతుండాడు," అని నవ్వింది. తరువాత పాపను నా ఒళ్ళో పెడుతూ అంది. "ఆ రోజు అందరూ వచ్చేసినాడనే చెప్పినారమ్మే. గ్రూపులో, సంఘంలో, పోలీసోళ్ళు గూడా. నేనే పిచ్చిదాన్నేమో అనుకున్నా. తెలవదు అని చెప్పింది నువ్వొక్కదానివే. తెలవదన్నావు గనకనే ఎతకను పోయినారు."

కొత్తగా చేరే అమ్మాయిలూ, మిమ్మల్ని ఆ గుర్తులు భయపెట్టవు, అవి నేర్చుకుంటే వచ్చేస్తాయి. మిమ్మల్ని "భయాల మేడం" అంటే అననివ్వండి. ఎవరైనా ఖాళీ కనపడకూడదు అంటే మాత్రం, ఏమి తెచ్చి నింపుతున్నారో లేచి వెళ్ళి చూడండి. పొట్ట ఉన్నా లేకపోయినా కుర్చీ జరపకండి.

ఇక మేనేజరుగారి ఫారం. "మీ అనుభవం" అన్న గడిలో ఇదంతా పట్టదు కాబట్టి విడిగా జతచేస్తున్నాను. "సంస్థలో నేర్చుకున్నది" అన్న గడిలో పెద్ద మేడం మాటలు రాశాను. మూడో గడి మిగిలింది: "ఆపద సమయంలో యాజమాన్యం అందించిన సహకారం".

దాన్ని ఖాళీగా వదిలేస్తున్నాను. పై గడుల్లోంచి తెచ్చి నింపకండి.